కమాను కబుర్లు

ప్రశ్న: మాస్టారూ, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వింటున్నవాణ్ని. మా అబ్బాయి ఒక డిస్కు తెచ్చి ఇచ్చాడు. పోలండ్ స్వరకర్త హెన్రిక్ వీనియావ్‌స్కీ వయొలిన్ కన్సర్టోలు (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరు ముందుండి వాయించే రచనలు) రెండూ, మరికొన్నీ ఉన్నాయి. వాయించింది గిల్ షహామ్, వెంట లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. మొదటి కన్సర్టో అంతా విన్నాను. గారడీ తప్ప రసం కనబడలేదు. లోపం నా చెవిదా, ఆయన సంగీతానిదా? – ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మీ చెవికేమీ కాలేదండీ. మొదలుపెట్టిన చోటే చిక్కు. ఆ మొదటి కన్సర్టోను 1853లో లైప్‌జిగ్‌లో తానే వాయించి వినిపించేనాటికి ఆయనకు 18 ఏళ్లు. 8 ఏళ్లకే పారిస్ కన్సర్వేటరీలో చేరి, 11 ఏళ్లకు ప్రథమ బహుమతి అందుకున్న పిల్లవాడు. ఆ వయసులో చేతనైనదంతా ఒకేచోట గుమ్మరించకుండా ఎవరుంటారు? షడ్జాన్నీ పై స్థాయి గాంధారాన్నీ రెండు తీగల మీద ఒకేసారి పట్టి, ఆ పట్టుతోనే వరసగా పైకి పాకాలి. చిటికెన వేలు ఎంత సాగాలో వయొలిన్ పట్టినవాళ్లకు తెలుస్తుంది. వినేవాళ్లకు అదంతా ఏం పడుతుంది? నాకు కూడా ఆ మొదటి భాగం కంటే దాని వెనక వచ్చే ‘ప్రెగ్యేరా’ అనే చిన్న ప్రార్థనే ఇష్టం.

ఈసారి ఆయనదే ‘లెజెండ్’ అనే చిన్న రచన నుంచి వినండి. ఏడెనిమిది నిమిషాలే. ఆయన ఇజబెల్లా హాంప్టన్ అనే ఇంగ్లిష్ అమ్మాయిని చేసుకుంటానంటే ఆమె తల్లిదండ్రులు ఒప్పుకోలేదనీ, ఇది విన్నాక మెత్తబడ్డారనీ చెబుతారు. కచేరీ విని పిల్లనిచ్చే మామగార్లు మన వైపు తక్కువే గానీ, 1860లో పెళ్లి మాత్రం జరిగింది. మొదట్లో వయొలిన్ దిగులుగా, ఎవరికీ చెప్పుకోనట్టు పాడుతుంది. మధ్యలో ఒక్కసారి వెలుగు వచ్చి రెండు తీగలు జంటగా పలుకుతాయి. తర్వాత మళ్లీ పాత దిగులే.

అక్కడి నుంచి రెండో కన్సర్టోకు వెళ్లండి. 1862లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆంటోన్ రూబిన్‌స్టైన్ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా తొలిసారి వినిపించారు. మొదటి భాగం ముగుస్తుంటే క్లారినెట్ ఒంటరిగా అందుకుని మనల్ని రెండో భాగమైన ‘రొమాన్స్’ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. మీరు వెతుకుతున్న రసం ఈ రొమాన్స్‌లో ఉంది.

దొరకాలంటే చెవిని కాస్త కుడిచేతి వైపు తిప్పాలి. మన వాయిద్యంలో భావమంతా ఎడమచేతి గమకంలో, అంటే స్వరాన్ని ఊపి జార్చడంలో, వినడం మనకు అలవాటు. ఇక్కడ గమకం లేదు. స్వరం ఉన్నచోటే కొద్దిగా వణుకుతూ నిలుస్తుంది, దాని మీద కుడిచేత్తో తీగలపై లాగే కమాను పని చేస్తుంది. ఎంత బరువు వేశారు, ఎంత పొడవు లాగారు, బ్రిడ్జికి, అంటే తీగలను ఎత్తిపట్టే చెక్కకు, దగ్గరగా లాగారా, దూరంగానా అన్నదాంట్లోనే పలుకు మారిపోతుంది. గమకం కోసం వెతికే చెవికి ఇవేవీ అందవు, స్వరాల లెక్క మాత్రమే మిగులుతుంది. గారడీ అనిపించేది అందుకే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ప్రాంతం మనది. ఆయన నిడుపాటి కమాను గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతే మూడో భాగం, జిప్సీల బాణీలో రాసింది. ఇప్పుడు వేగం వేరుగా వినబడుతుంది. ఒకే కమానులో బోలెడు స్వరాలను విడివిడిగా తెంపి పలికించడం వీనియావ్‌స్కీకి పెట్టింది పేరు. చేతిని బిగబట్టి వాయించేవారట. నేను మాత్రం ఎవరికీ నేర్పను, భుజం పోతుంది. ఈ కన్సర్టోను ఆయన సరసాతే అనే స్పెయిన్ విద్వాంసుడికి అంకితమిచ్చారు. మీ డిస్కులో ఆ సరసాతే రాసిన జిప్సీ బాణీలు కూడా ఉన్నాయి, వాటిని వదిలేయకండి. వీలైతే ఈ కన్సర్టోకు వయొలిన్ విద్వాంసుడు హైఫెట్జ్ 1935లో, బార్బిరోలీ ఆర్కెస్ట్రాను నడిపిస్తుండగా చేసిన రికార్డింగూ వినండి. ధ్వని పాతదే, కానీ చివరి భాగం కత్తి. రొమాన్స్ దగ్గర మాత్రం నా ఓటు షహామ్‌కే.

ప్రశ్న: వీనియావ్‌స్కీ వేదిక మీదే కుప్పకూలారని ఎక్కడో చదివాను. నిజమేనా? – ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: నిజమే నాయనా. గుండె జబ్బు. 1878లో బెర్లిన్‌లో ఇదే రెండో కన్సర్టో వాయిస్తూ ఊపిరందక ఆగిపోయారు. శ్రోతల్లో ఉన్న మరో వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆహిమ్ వేదికెక్కి, ఒంటరి వయొలిన్ కోసం బాహ్ రాసిన ‘షకోన్’ వాయించి కచేరీని నిలబెట్టారు. చివరి కచేరీల్లో వీనియావ్‌స్కీ కుర్చీలో కూర్చుని వాయించేవారు. నిలబడి వాయించే ఆ దేశాల్లో అది జాలిపడే విషయం. 1880 మార్చి 31న మాస్కోలో పోయారు, అప్పటికి 44 ఏళ్లు.

ప్రశ్న: మా పాప కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ‘లెజెండ్’ విన్నప్పటి నుంచి అదే వాయిస్తానని పట్టుబట్టింది. ఉన్న వయొలిన్ మీద కుదురుతుందా? – ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: కుదరదమ్మా. మనం తీగలను స-ప-స-ప అని కడతాం. వాళ్లకు ఒక్కో తీగకూ దాని ముందు తీగ షడ్జమైతే అది పంచమం. అంటే కింది నుంచి స-ప, ఆపైన రి-ద. పైగా మన శ్రుతి బాగా కిందికి ఉంటుంది. పొద్దున బిగించి సాయంత్రం వదులు చేస్తూ పోతే తీగలు తెగుతాయి, బ్రిడ్జి ఒరుగుతుంది. వాడిన వయొలిన్ ఇంకొకటి కొని దాని శ్రుతి కదపకండి. నిలబడి గడ్డం కింద పట్టడం వేరే గురువు దగ్గర నేర్పించండి. ‘లెజెండ్’ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, పాపకు ఆ సంగతి ముందే చెప్పండి. మీ కాలనీకి సముద్రపు గాలి దగ్గర కాబట్టి, వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టించండి. ఉక్కు తీగకు తుప్పు పట్టాక ఎంత తుడిచినా లాభం లేదు, మార్చడమే.