కాలేయం చిట్లిన పిల్లవాడి కథ రాస్తున్న అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కనిగిరి పక్క పల్లెలో ఎనిమిదేళ్ల పిల్లవాడు తండ్రి సైకిలు అడ్డతొక్కుడు తొక్కుతూ పడటం, హ్యాండిల్ కొన కడుపులో గుచ్చుకోవడం, పొద్దుగూకేసరికి వాడి మొహం పాలిపోవడం, ఇవన్నీ చూసినట్టే రాశావు. ఒంగోలు చేరాక మాత్రం కథ గాడి తప్పింది. బీపీ నిలకడగా ఉందని ఒక వాక్యంలో చెప్పి, ఆ తరువాతి వాక్యంలోనే వాడిని ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయి, కాలేయాన్ని కుట్టించి, గండం గడిచిందనిపించావు. నిలకడగా ఉన్న పిల్లవాడి కడుపును, కాలేయం చిట్లిందన్న ఒక్క కారణంతో, పిల్లల సర్జన్లు ఈనాడు కొయ్యరు.

పిల్లల పక్కటెముకలు మెత్తన, వంగుతాయి గాని త్వరగా విరగవు. కడుపు కండరం పలచన. ఒంటితో పోలిస్తే కాలేయం పెద్దది, దాని కింది అంచు పక్కటెముకల చాటు దాటి ఉంటుంది. అందువల్ల పైకి చిన్న కములు మాత్రమే కనిపిస్తున్నా లోపల కాలేయం చీలి ఉండవచ్చు. అయితే ఆ చీలికల్లో చాలావాటి నెత్తురు దానంతట అదే గడ్డకట్టి ఆగిపోతుంది. కడుపు తెరిస్తే ఆ గడ్డ కదిలి మళ్లీ కారే ప్రమాదం ఉంది. కొయ్యకుండా కనిపెట్టుకుని ఉండే ఈ పద్ధతి మొదట ప్లీహం, అంటే కడుపులో ఎడమ పక్కటెముకల చాటున ఉండే అవయవం, దెబ్బల్లో నిలదొక్కుకుంది. టొరంటోలోని పిల్లల ఆస్పత్రి అనుభవాన్ని సింప్సన్ అనే సర్జన్‌తో కలిసి 1968లో ప్రకటించిన ఉపాధ్యాయ అనే సర్జన్ మన దేశంవారే, తరువాత ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల శస్త్రచికిత్సకు పెద్దదిక్కు అయ్యారు. ఆ పద్ధతే క్రమంగా కాలేయానికీ వచ్చింది.

ఇవి పుస్తకాల్లోనూ దొరుకుతాయి. దొరకనిది ఆ రాత్రి. మా మనవడికి ఇదే దెబ్బ తగిలినప్పుడు నెల్లూరులో ఒక ఆస్పత్రిలో మూడు రాత్రులు కూర్చున్నాను. వాడి బొడ్డుకు కుడి పక్కన, హ్యాండిల్ రబ్బరు తొడుగు అచ్చు, రూపాయి బిళ్లంత గుండ్రంగా, ఎర్రగా పడి ఉంది. కుడి భుజం నొప్పి అని ఏడ్చేవాడు. భుజానికి దెబ్బే తగలలేదు కదా అని మేము అనుకున్నాం. కాలేయం నుంచి కారిన నెత్తురు పైనున్న డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండరపు పొరను, ఒరిపిడి పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందని నర్సమ్మ చెప్పింది. ఆమె గంటగంటకూ వచ్చి, మానిటర్ మీద అంకె కనిపిస్తున్నా మణికట్టు పట్టుకుని లెక్కపెట్టేది. పొట్ట మీద పెన్నుతో పెట్టిన గుర్తుల మీదుగానే టేపు చుట్టి కొలిచేది. వాడు నీళ్లు, నీళ్లు అంటుంటే తడిపిన దూదితో పెదవులు అద్దేది. షీటు మీద నాడి అంకెలు 136, 132, 134, 126 అని పడుతుంటే, ఆ 134 దగ్గర మా కోడలు ఊపిరి బిగబట్టడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. నీ కథకు కావలసిన ఉత్కంఠ అంతా ఆ షీటులోనే ఉంది.

నాడి అంకెనే ఎందుకు పట్టుకోమంటున్నానో చెబుతాను. పిల్లల ఒంట్లో నెత్తురు కిలోకు సుమారు 80 మిల్లీలీటర్లు. నీ పిల్లవాడు 20 కిలోలు ఉంటాడనుకుంటే మొత్తం 1,600 మాత్రమే. అందులో 400 లోపల కారిపోతే నాలుగో వంతు పోయినట్టే, అయినా బీపీ ఇంకా పడిపోకపోవచ్చు. ముందు పెరిగేది నాడి, చల్లబడేవి అరికాళ్లు. బీపీ పడిందంటే పరిస్థితి అప్పటికే చేయి దాటుతోందన్నమాట. బీపీ బాగుందని డాక్టరు చేత ధీమాగా చెప్పించిన వాక్యాన్ని అందుకే తీసెయ్యమంటున్నాను.

కత్తి అసలు రాకూడదని కాదు. నెత్తురు ఎక్కించినా నాడి దిగక, ఎక్కించినది కిలోకు 40 మిల్లీలీటర్ల దాకా వెళ్లినా పిల్లవాడు నిలదొక్కుకోకపోతే కొయ్యవలసిందే. కొన్నిచోట్ల తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి, కారే నాళాన్ని లోపలి నుంచే మూసివేస్తారు. కడుపు తెరిచినప్పుడు కూడా కుట్లే మొదటి పని కానక్కరలేదు. కాలేయానికి నెత్తురు తెచ్చే కాడను వేళ్లతో నొక్కి పట్టడం 1908లో గ్లాస్గో సర్జన్ ప్రింగిల్ చూపించిన ఉపాయం. ఆ తరువాత గుడ్డలు దట్టించి, ఒకటి రెండు రోజులకు మళ్లీ తెరిచి చూడటమూ ఉంది. ఇంకో ముసాయిదాలో నీ పిల్లవాడిని ఆ దారిన నడిపించదలిస్తే, ముందుగా షీటు మీది అంకెలు చెడిపోవాలి.

నా తప్పు కూడా చెప్పాలి. ఎప్పుడో ఒక కథలో, కడుపుకు దెబ్బ తగిలిన పిల్లవాడికి నాయనమ్మ ఆముదం రాసి మర్దన చేసి, పసుపు పాలు పట్టి, తెల్లారేసరికి లేపి కూర్చోబెట్టినట్టు రాశాను. మనవడు పడిన సాయంత్రం మా అక్క ఆముదం సీసా పట్టుకొచ్చింది. వద్దంటే, "నువ్వు రాసిందేగా, తమ్ముడూ" అంది. కోడలు ఆ సీసా లాక్కుని ఆటో పిలిచింది. చీలిన కాలేయం మీద మర్దన ఏం చేసి ఉండేదో తలుచుకుంటే నాకు ఈనాటికీ నిద్ర పట్టదు. ఆ కథను మరి ఏ సంపుటిలోనూ చేర్చలేదు. నీ రెండో పేజీలో నాయనమ్మ పొట్ట నిమురుతుంది చూడు, అక్కడ ఆమె చేతిని తల మీదికి మార్చు.

మాటల విషయం. మీ పల్లెలో కాలేయం అనేవాళ్లు ఎవరున్నారు? తండ్రి లివర్ అంటాడు. నాయనమ్మ కార్జం అంటుంది, అని, మాంసం కొట్టులో వాడే మాట మనవడికి వాడినందుకు నాలుక కరుచుకుంటుంది. స్కాన్‌లో తేలే గ్రేడును, అంటే దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే అంకెను, డాక్టరు చెప్పనీ. 2018లో సవరించిన కొలతలో అవి ఒకటి నుంచి అయిదు దాకా ఉన్నాయి. మూడు అని విన్న తల్లికి అది ఎక్కువో తక్కువో తెలియదు. ఆ తెలియకపోవడాన్ని అలాగే ఉంచు.

ఇంటికి పంపడంతో ముగించావు. అదీ తొందరే. గ్రేడు అంకెకు రెండు కలిపి అన్ని వారాలు పరుగులు, ఆటలు మాన్పించడం పిల్లల సర్జన్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. గ్రేడు మూడైతే అయిదు వారాలు. ఆ లోపల కళ్లు పచ్చబడినా, నొప్పి మళ్లీ వచ్చినా, విరేచనం తారులా నల్లగా అయినా, నెత్తురు కక్కుకున్నా వెంటనే తీసుకురమ్మంటారు. పైత్యరసం కారడం, నెత్తురు నాళం ఉబ్బి పైత్య నాళంలోకి తెరుచుకుని నెత్తురు కారడం కొన్ని రోజుల తరువాత కూడా జరగవచ్చు. నీ పిల్లవాడిని అరుగు మీద కూర్చోబెట్టి, వీధిలో కబడ్డీ ఆడే వాళ్లను చూడనీ. తల్లి రోజూ పొద్దున్నే వెలుతురులోకి తీసుకొచ్చి వాడి కళ్లు చూడనీ. తిరగరాసి పంపితే, మనవడిని చూసిన డాక్టరు గారికి చదివి వినిపిస్తాను. వారు పెట్టిన గుర్తులతో సహా నీకు తిరిగి పంపుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి