నడక సఫారీకి వెళ్తానంటున్నావుగా, ఇవి చూసుకో

చిన్నా,

ఆఫ్రికా అడవిలో నడుస్తూ జంతువుల్ని చూడాలన్నావు, సంతోషం. కానీ ఒకటి ముందే చెప్తున్నా, జీపులో కనబడినన్ని నడకలో కనబడవు. జీపుని అవి పెద్దగా పట్టించుకోవు, అదే మనిషి నడిచి వస్తుంటే మనం చూసేలోపే జారుకుంటాయి. కాబట్టి ఎన్ని సింహాలు చూపిస్తారని కాదు, గైడ్ ఎవరు, ఎన్నేళ్లుగా నడిపిస్తున్నాడు, తుపాకీ ఎవరి చేతిలో ఉంటుంది అని అడుగు. జవాబు నీళ్లు నములుతూ వచ్చిందంటే ఆ క్యాంపు వదిలెయ్.

మొదటిసారికి జాంబియాలోని సౌత్ లువాంగ్వా పార్కు మంచిదంటాను. టూరిస్టుల్ని ఇలా నడిపించడం నార్మన్ కార్ అనే వన్యప్రాణి సంరక్షకుడు అక్కడే మొదలుపెట్టాడు, అందుకే ఆ పని బాగా తెలిసిన గైడ్లు అక్కడ దొరుకుతారు. ముందు తుపాకీతో స్కౌట్ (పార్కు కాపలాదారు), వెనక గైడ్, ఆ వెనక మీరంతా ఒకే వరుస. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు ట్రెయిల్స్ (నడక యాత్రలు) కూడా బాగుంటాయి, గుంపుకి 8 మందే, 12 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. జింబాబ్వేలో మానా పూల్స్ పార్కు రెండోసారికి ఉంచుకో. అక్కడ కొన్ని మగ ఏనుగులు వెనక కాళ్ల మీద లేచి నిలబడి పై కొమ్మలు అందుకుంటాయి, అది నేల మీద నిలబడి చూడాల్సిందే.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో పెట్టుకో. గడ్డి ఎండి పడిపోతుంది, నీళ్లు తగ్గి జంతువులు నది దగ్గరికి చేరతాయి. అక్టోబరులో ఇంకా ఎక్కువ కనబడతాయి గానీ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నీ వల్ల కాదు. వానలు పడితే లోపలి క్యాంపులు చాలావరకు మూసేస్తారు. జూన్, జూలై తెల్లవారుజామున మాత్రం చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్ మర్చిపోకు.

బట్టలు ఖాకీ, మట్టిరంగువే. తెలుపు దూరానికే కనబడుతుంది, నీలం, నలుపు వేసుకుంటే సెట్సీ అనే కుట్టే ఈగలు వెతుక్కుంటూ వస్తాయి. బూట్లు ఇంటి దగ్గరే వేసుకుని అలవాటు చేసుకో, కొత్తవాటితో దిగితే మొదటిరోజే బొబ్బలు. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని ముందే అడుగు. ఇన్సూరెన్స్‌లో నడక సఫారీ, విమానంలో ఆస్పత్రికి తరలించే ఖర్చు రెండూ ఉన్నాయో లేదో చదివి చూడు, దళారి మాట నమ్మకు.

నడిచేటప్పుడు మాటలు వద్దు. గైడ్ మాటిమాటికీ చిన్న సంచిలోంచి బూడిద దులుపుతుంటాడు, గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి. మన వాసన ఏనుగు వైపు పోతోందంటే దారి మార్చేస్తాడు. దారిలో ఏనుగు అడుగు కనిపిస్తే వంగి చూడు: ముందు కాలిది గుండ్రంగా, వెనకది కోలగా, లోపల బీటలు వారినట్టు గీతలు. నాకైతే దూరంగా నిలబడ్డ ఏనుగు కంటే ఈ గీతలే ఎక్కువ నచ్చుతాయి.

ఏం ఎదురైనా నీ అంతట నువ్వు పరుగెత్తకు. ఆగమంటే ఆగు, చెట్టు వెనక్కి పొమ్మంటే పో, ఎందుకని తర్వాత అడుగు. నీటిగుర్రానికీ నీళ్లకీ మధ్యలోకి మాత్రం ఎప్పుడూ వెళ్లకు. బరువైన కెమెరా వద్దు, బైనాక్యులర్స్ చాలు.

రెండు మూడు క్యాంపులకి ఈ ప్రశ్నలన్నీ రాసి పంపు. జవాబులు వచ్చాక నాకు పంపితే చూసి చెప్తాను, అప్పటిదాకా అడ్వాన్సు కట్టకు.

మీ బాబాయ్