పాఠకుల ప్రశ్న: కరీంనగర్‌కు చిల్లీ కాన్ కార్నే

ప్రశ్న: టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి నేర్పిన చిల్లీ కాన్ కార్నే (మిరపతో వండే మాంసం కూర) వండి కరీంనగర్‌లోని మా అక్క ఇంటికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఇంట్లో స్కూటరూ, కారూ ఉన్నాయి. దేనిలో వెళ్లడం మేలు? ఏ మిరప వాడాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దాదాపు 70 కిలోమీటర్ల దారి కాబట్టి కారే మేలండి, స్కూటరుపై కాళ్ల దగ్గర పెడితే ప్రతి స్పీడ్ బ్రేకరుకూ గ్రేవీ తొణుకుతుంది. పొగలు కక్కుతుండగానే హాట్‌బాక్సులో నిండుగా పోసి, సీటు మీద కాకుండా కింద, తువ్వాలు చుట్టి ఉంచండి. 1977లో టెక్సాస్ తన రాష్ట్ర వంటకంగా ప్రకటించిన ఈ కూరకు మిరప రుచే ప్రాణం గనుక, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిరప, రంగు ఎక్కువగానూ కారం తక్కువగానూ ఉండటం వల్ల, ఎంతో చక్కగా నప్పుతుంది. గింజలు తీసి, వేడినీటిలో నానబెట్టి, జీలకర్రతో మెత్తగా నూరండి. చీజు మాత్రం అక్కడికి చేరాకే, వడ్డించేటప్పుడు తురమండి.