లైపోసక్షన్ చేయించుకుంటే బరువు తగ్గుతామా?

పెద్దగా తగ్గరు, లైపోసక్షన్ ఒంటి ఆకారాన్ని సరిచేసే ఆపరేషనే తప్ప ఊబకాయానికి వైద్యం కాదు. చర్మానికీ కండకీ మధ్య ఉన్న కొవ్వును మాత్రమే సన్నటి గొట్టంతో లాగేస్తారు. ముందుగా అక్కడ సెలైన్, మత్తుమందు, రక్తస్రావం తగ్గించే అడ్రినలిన్ కలిపి ఎక్కిస్తారు. కాబట్టి సీసాలోకి వచ్చిందంతా కొవ్వు కాదు. ఒకేసారి లాగేది 5 లీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుంది, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి.

పొట్టనే తీసుకోండి. నిలబడి రెండు వేళ్లతో పట్టుకుంటే మడతగా చేతికొచ్చేది చర్మం కింది కొవ్వు, అది తీయొచ్చు. బొజ్జ కుండలా గట్టిగా ఉండి వేళ్లకు పెద్దగా ఏమీ చిక్కకపోతే, కొవ్వు ఎక్కువగా లోపల పేగుల చుట్టూ ఉన్నట్టు. గొట్టం అక్కడికి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. షుగరుకు, గుండెజబ్బుకు ఎక్కువగా దారితీసేది ఈ లోపలి కొవ్వే. ఆపరేషన్‌తో షుగరు దిగొస్తుందని ఆశపడొద్దు.

తీసేసిన కొవ్వు ఇక రాదన్నది చాలామంది పొరపాటు. పోయిన కణాలు రావు, నిజమే. బరువు పెరిగితే మిగిలిన కణాలు ఉబ్బుతాయి.

ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, పొగతాగే అలవాటు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మందు సొంతంగా ఆపకూడదు. తర్వాత కొన్ని వారాలు బిగుతు బెల్టు తప్పదు, వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.