మోకాలు చీరుకుపోయినా టీచర్‌కి చెప్పలేదు

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. చాలా బుద్ధిమంతురాలు, అల్లరే లేదని టీచర్లు మెచ్చుకుంటారు. మొన్న బడిలో పడి మోకాలు చీరుకుపోతే, ఎవరికీ చెప్పకుండా గౌను కిందికి లాక్కుని సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. స్నానం చేయించేటప్పుడు చూశాను. తను పుట్టిన మొదటి ఏడాది నాకు ఆరోగ్యం బాగోలేదు. ఏడ్చినా ఎత్తుకోలేకపోయేదాన్ని, విసుక్కునేదాన్ని కూడా. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: ఉండొచ్చమ్మా, ఉండే తీరాలనీ లేదు. పుట్టుకతోనే బిడియస్తులైన పిల్లలు ఉంటారు, ఒక్క ఉత్తరం చూసి నేను తేల్చేయలేను. కానీ మీరు కంగారుపడింది సరైన విషయానికే.

మేరీ ఎయిన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు ఏడాది వయసు పిల్లల్ని గమనించారు. తల్లి కాసేపు గదిలోంచి వెళ్లి తిరిగొస్తే చాలామంది ఆమెను చూడగానే ఊరడిల్లి మళ్లీ ఆటలో పడ్డారు, కొందరు ఎత్తుకున్నా ఏడుపు ఆపలేదు, ఇంకొందరు అమ్మ వచ్చిందన్న సంగతే పట్టనట్టు బొమ్మలతో ఉండిపోయారు. ఈ చివరివాళ్లు ధైర్యవంతులనుకుంటాం, కానీ తర్వాత వాళ్ల గుండె వేగం కొలిస్తే లోపల టెన్షన్ ఉందని తేలింది. ఏడ్చినా ఎవరూ రారని అనుభవమైన పసివాళ్లు ఏడుపునే దాచుకుంటారు. బడికి వచ్చాక అదే అలవాటు నెమ్మదితనంలా కనిపిస్తుంది, టీచర్ దృష్టి అల్లరివాళ్ల మీదికి పోతుంది.

ఎక్కువ ఎత్తుకుంటే చెడిపోతారని అంటుంటారు కదా, నేనది ఒప్పుకోను. అమెరికాలోని మిన్నెసోటాలో 1970లలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించిన అధ్యయనంలో, పసితనంలో తల్లి దగ్గర భరోసా దొరికినవాళ్లే నర్సరీలో టీచర్ మీద తక్కువ ఆధారపడ్డారు.

మీ ఆరోగ్యం బాగోలేకపోవడం మీ తప్పు కాదు, అప్పుడు ఏర్పడిన అలవాటు శాశ్వతమూ కాదు. క్లాస్ టీచర్‌తో మాట్లాడండి, పాప అడిగేదాకా ఆగకుండా రోజుకోసారి తనే దగ్గరికెళ్లి పలకరించమనండి, నమ్మకం కుదిరిన ఒక్క టీచర్ ఉన్నా చాలా తేడా వస్తుంది. ఇంట్లో 'వేలు నొప్పిగా ఉంది' అంటే, అది చిన్న గీతే అయినా, చేతిలో పని పక్కన పెట్టి చూడండి. నెలలు పట్టొచ్చు. అప్పటికీ ఎవరికీ దగ్గర కాకపోతే పిల్లల సైకాలజిస్ట్‌ను కలవండి.

ఈ రాత్రి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ మోకాలికి మీరే మందు రాయండి. ఎందుకు చెప్పలేదని మాత్రం అడగకండి.