బొగ్గు గనికి అనుమతి వచ్చేసిందా? ముందు ఆ తేదీ పట్టుకోండి

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లాలో ఓ పల్లె. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో కొత్త ఓపెన్ కాస్ట్ బొగ్గు గని వస్తోంది. ఇంకో పక్క పాత ఓపెన్ కాస్ట్ ఇప్పటికే నడుస్తోంది. మూడేళ్లుగా దాని బ్లాస్టింగ్‌కి ఇళ్ల గోడలు పగుళ్లు బారాయి. బావులు అడుగంటాయి. దుమ్ముకి మా అమ్మ దగ్గు తగ్గడం లేదు. మొన్న వేసవిలో కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఊరంతా బహిష్కరించి టెంటు బయట నినాదాలు చేశాం. అయినా మమ్మల్ని లెక్కచేయలేదు. దసరాకి వారం ముందు కంపెనీకి ఏదో అనుమతి వచ్చినట్టు పేపర్లో ప్రకటన పడిందని మా తమ్ముడు అన్నాడు. తమ్ముడిది ఎకరంన్నర గనిలో పోతోంది. నా భూమి పోవడం లేదు కాబట్టి నాకు కేసు వేసే హక్కే లేదంటున్నారు. ఇక్కడి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెచ్చుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. తమ్ముడి పొలంలో రేకుల షెడ్డు వేసి, పాత తేదీతో ఇంటి పన్ను రసీదు సంపాదిస్తే పునరావాస ప్యాకేజీ వస్తుందని ఇంకొకాయన అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. దారి చూపండి.
(ఓ రైతు, కార్తీక పౌర్ణమి నాడు రాసిన ఉత్తరం)

జవాబు: గోడల గురించి, బావుల గురించి, అమ్మ దగ్గు గురించి వివరంగా రాశారు. మీ కేసును తేల్చే సంగతి మాత్రం ఒక్క వాక్యంలో, అదీ తమ్ముడు చెప్పిన మాటగా వచ్చింది. దసరాకి వారం ముందు పేపర్లో పడిన ఆ ప్రకటన ఏ పేపర్లో వచ్చింది, ఏ తేదీన వచ్చింది? అది పర్యావరణ అనుమతి గురించేనా, వేరేదా? మీరు దాన్ని చూడనూ లేదు, దాచుకోనూ లేదు. ముందు ఆ కాగితం సంపాదించండి. మండల కేంద్రంలోని గ్రంథాలయంలో పాత పేపర్లు ఉంటాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టంలోని 16వ సెక్షన్ కింద అప్పీలు వేయాలి. దానికి గడువు అనుమతి సంగతి తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు. ఆ గడువులో రాలేకపోవడానికి తగిన కారణం చూపిస్తే ట్రైబ్యునల్ మరో 60 రోజుల వరకు ఒప్పుకోవచ్చు. అంతటితో సరి. 91వ రోజున మీరు ఎంత న్యాయమైన కేసు పట్టుకెళ్లినా దాన్ని తీసుకునే అధికారం ట్రైబ్యునల్‌కు లేదు. మామూలు సివిల్ కేసుల్లో ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసుకుని నెట్టుకొచ్చినట్టు ఇక్కడ కుదరదు.

ఇప్పుడు లెక్క చూడండి. దసరా నుంచి కార్తీక పౌర్ణమికి సుమారు 35 రోజులు. దానికి ముందు వారం కలిపితే మీరు ఉత్తరం రాసిన నాటికే 42 రోజులు గడిచాయి. ఈ జవాబు మీరు చదివేసరికి 50 అవుతుంది. అంటే హక్కుగా ఉన్న 30 రోజులు పోయాయి. ఇంక మిగిలినవి కారణం చెప్పుకుని అడుక్కోవలసిన రోజులే. పైగా ఈ లెక్క పేపర్ ప్రకటన తేదీ నుంచి వేసింది. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లోగా కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఈలోపే ఉత్తర్వు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో పెట్టేస్తారు. పంచాయతీకి కాపీ పంపాలి. ఈ మూడింటిలో ఏది ముందు జరిగితే గడువు అప్పటినుంచే నడుస్తుంది. కాబట్టి మీ 90 రోజులు దసరాకి రెండు వారాల ముందే మొదలై ఉండొచ్చు. నెల రోజులు మాత్రమే ఉన్నాయనుకుని పని మొదలుపెట్టండి.

భూమి పోని వాడికి హక్కు లేదన్నది తప్పు. 16వ సెక్షన్‌లో ఉన్నది 'బాధితుడైన ఏ వ్యక్తి అయినా' అని. గని చుట్టూ 10 కిలోమీటర్ల మేర గాలి, నీరు, ఊళ్లు ఎలా ఉన్నాయో చూసి పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేస్తారు. మీరు రెండు కిలోమీటర్లలో ఉన్నారు. ఈ విషయంలో ఇంకెవరి సలహా అడగకండి.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ సంగతి. ఇక్కడ మిమ్మల్ని తప్పుపట్టక తప్పదు. బహిష్కరిస్తే కార్యక్రమం చెల్లదని మీ ఊళ్లో ఎవరు నమ్మించారో కానీ పెద్ద నష్టం చేశారు. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం అక్కర్లేదు. ఎంతమంది వచ్చినా, రాకపోయినా అది జరిగినట్టే. అంతకన్నా ప్రమాదకరమైన నిబంధన ఇంకోటి ఉంది. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని అధికారులు నివేదిస్తే, అసలు సభే అవసరం లేదని పైవాళ్లు నిర్ణయించవచ్చు. టెంటు బయట మీరు చేసిన నినాదాలు వీడియోలో గొడవగా కనిపిస్తాయి తప్ప అభ్యంతరాలుగా రికార్డు కావు. లోపలికి వెళ్లి మైకు పట్టుకుని 'మా బావి ఇంత లోతు, నీళ్లు ఇంత దిగిపోయాయి' అని ఒక్కరు చెప్పి, అదే మాట కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకుని ఉంటే, ఇవాళ మీ అప్పీలుకు అది పునాది అయ్యేది. సభలో వచ్చిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలించి, ఎందుకు ఒప్పుకుందో, ఎందుకు కాదందో కారణాలు రాయాలని గోవా ఇనుప గని కేసులో ఢిల్లీ హైకోర్టు 2009లోనే చెప్పింది. రాసివ్వని అభ్యంతరానికి కారణాలు రాయమని ఎవరిని అడుగుతారు?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. సభ పెట్టిన తీరులోనే లోపాలు ఉన్నాయేమో వెతకండి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చారా? నివేదిక సారాంశం తెలుగులో మీ పంచాయతీ ఆఫీసులో పెట్టారా, లేక ఇంగ్లిష్ పుస్తకం ఒక్కటే పడేశారా? కలెక్టర్‌గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారిగానీ అధ్యక్షత వహించారా? సభ మినిట్స్ ఆ రోజే తెలుగులో చదివి వినిపించారా? సారాంశం తెలుగులో పెట్టలేదన్నది నిజమైతే పంచాయతీ కార్యదర్శి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి కాపీ నోటీసు బోర్డు మీద పెట్టలేదన్నది నిజమైతే అదీ రాయించుకోండి. 30 రోజులు దాటాక ఎందుకు వచ్చారని ట్రైబ్యునల్ అడిగినప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే. 'మాకు తెలియదు' అన్న మాట మీ తమ్ముడి నోట చెల్లదు, ఆయన ప్రకటన చూశాడు. చూడని వాళ్లు ఎవరెవరో వాళ్లు అఫిడవిట్ ఇవ్వాలి.

రెండోది, నివేదికను నేల మీద ఉన్న నిజంతో పోల్చండి. ఆ నివేదిక పరివేష్‌లో దొరుకుతుంది. సమాచార హక్కు కింద అడిగి, జవాబు కోసం కూర్చోకండి. దానికి 30 రోజులు పడుతుంది, ఈలోపు మీ గడువు అయిపోతుంది. నివేదికలో మీ వాగు ఉందా? చెరువు, బడి చూపించారా? బావులు ఎన్ని అన్నారు, మీరు లెక్కేస్తే ఎన్ని? పాత గని పక్కనే ఉన్నా దాని దుమ్మూ కొత్తదాని దుమ్మూ కలిపి లెక్కగట్టారా? దాచిన సంగతి ఒక్కటి ఆధారంతో చూపించగలిగితే, మీ అందరి సంతకాల వినతిపత్రం కన్నా అది బలమైనది. గోవాలో మోపా విమానాశ్రయానికి ఇచ్చిన అనుమతిని సుప్రీంకోర్టు 2019 మార్చిలో ఇలాగే నిలిపివేసి, మళ్లీ పరిశీలించమని పంపింది. ఆ తర్వాత అదనపు షరతులతో 2020 జనవరిలో అనుమతిని పునరుద్ధరించింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అప్పీలు గెలిస్తే గని శాశ్వతంగా రద్దవుతుందని ఊళ్లో ఎవరికీ మాట ఇవ్వకండి. అప్పీలు వేసినంత మాత్రాన పనీ ఆగదు. స్టే కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి.

మనకి ట్రైబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది. ఆన్‌లైన్‌లో ఫైలు చేయొచ్చు. పరిహారం అడగని అప్పీలుకు ఫీజు వెయ్యి రూపాయలు.

సివిల్ కోర్టు ఇంజంక్షన్ మాట మరిచిపోండి. ట్రైబ్యునల్ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదని అదే చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. సూట్ నంబరు పడేదాకా, అవతలివాళ్లు కౌంటరు వేసేదాకా మీరు వాయిదాలకు తిరుగుతుంటే అక్కడ 90 రోజులు గడిచిపోతాయి. హైకోర్టు రిట్ అధికారం ఎప్పుడూ ఉంటుంది, కాదనను. కానీ ప్రత్యేక ట్రైబ్యునల్ ఉండగా ఇక్కడికెందుకు వచ్చారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. గడువు దాటబెట్టుకుని వెళ్తే ఇంకా కష్టం.

షెడ్డు సలహా ఇచ్చినాయన్ని మాత్రం గడప తొక్కనివ్వకండి. పాత తేదీ వేసి రసీదు పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ. దాన్ని అసలుదిగా చూపి డబ్బు అడగడం 340వ సెక్షన్ కింద ఇంకో నేరం. రసీదు రాసిన వాడు, వాడుకున్న వాడు ఇద్దరూ ముద్దాయిలే. మధ్యవర్తి కమిషన్ తీసుకుని పక్కకు తప్పుకుంటాడు, కేసు తమ్ముడి మీద పడుతుంది. పొలం ఏ ఏడాది ఖాళీగా ఉందో, షెడ్డు ఎప్పుడు లేచిందో ఉపగ్రహ చిత్రాల్లో తెలిసిపోతుంది. పైగా 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి మీద లావాదేవీలే చేయకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మీ ఊరి తరఫున ఒక్క దొంగ రసీదు బయటపడితే, కంపెనీ లాయరు దాన్ని ముందుపెట్టి, నిజంగా గోడలు పగిలిన వాళ్ల మాటనూ అనుమానంలోకి నెట్టేస్తాడు.

తమ్ముడి ఎకరంన్నరకు దారి వేరు. నోటిఫికేషన్ ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. 2013 చట్టమైతే అభ్యంతరాలకు 60 రోజులు, 1957 కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టమైతే 30 రోజులు. 2013 చట్టం కింద డబ్బు తీసుకునేటప్పుడు 'పరిహారం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రసీదు మీద రాసి సంతకం పెట్టాలి. ఆ మాట రాయకుండా చెక్కు తీసుకుంటే, ఎక్కువ పరిహారం కోసం 64వ సెక్షన్ కింద రిఫరెన్స్ (వివాదాన్ని పై అథారిటీకి పంపమని) అడిగే హక్కు పోతుంది. రాసినా, అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) ప్రకటించినప్పుడు అక్కడే ఉంటే ఆరు వారాల్లోనే దరఖాస్తు పెట్టాలి. ఖాళీ కాగితాల మీద సంతకం అడిగితే పెట్టొద్దు. ఇది చదువుతున్న ఏజెన్సీ గ్రామాల వాళ్లకు ఓ మాట: షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందే గ్రామసభ సమ్మతి తీసుకోవాలని అదే చట్టం 41వ సెక్షన్‌లో ఉంది. గ్రామసభ రిజిస్టర్‌లో ఏం రాశారో ఇవాళే వెళ్లి చూడండి.

ఇక పాత గని. కొత్త గని అప్పీలులో దీన్ని కలపకండి, విడిగా వేయండి. హరిత ట్రైబ్యునల్ చట్టంలో, వివాదం మొదలైన ఆరు నెలల్లో వేయాల్సిన 14వ సెక్షన్ దరఖాస్తు మీకు దాటిపోయింది. నష్టపరిహారం, ఆస్తి పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు మాత్రం ఐదేళ్ల గడువుంది. మూడేళ్లుగా పగుళ్లు అంటున్నారు కాబట్టి అది బతికే ఉంది. కానీ మీ దగ్గర రుజువు ఏముంది? 'పగిలాయి' అంటే సరిపోదు. పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజు పలకను రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గోడ మళ్లీ కదిలితే ఆ గాజు పగులుతుంది. ఫోటోలు తీసిన ఫోన్‌లోనే అసలు ఫైళ్లు ఉంచండి. వాట్సాప్‌లో పంపితే వాటిలో తీసిన తేదీ వివరాలు చెరిగిపోతాయి. బ్లాస్టింగ్ జరిగిన రోజు, సమయం ఒక నోటుబుక్‌లో రాయండి. బావి గట్టు నుంచి నీటి మట్టానికి వారానికోసారి టేపుతో కొలిచి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించండి. అమ్మకి ఆస్పత్రి చీటీలు, ఎక్స్‌రేలు తేదీల వరసలో పెట్టండి.

కంపెనీకి చెందని ఇళ్ల దగ్గర, బ్లాస్టింగ్ వల్ల నేలలో పుట్టే తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో ఉంది. కొలిచిన రీడింగులు కంపెనీ దగ్గర ఉంటాయి. ఇక్కడ తొందర లేదు కాబట్టి వాటిని సమాచార హక్కు కింద అడగండి. అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడగలిగే పత్రం. రోడ్డు మీద నీళ్లు చల్లుతున్నామని, ఓబీ గుట్టల (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి గుట్టల) మీద మొక్కలు నాటామని అందులో రాసి ఉండి, మీ దగ్గర అందుకు విరుద్ధంగా తేదీతో ఫోటో ఉంటే, ఆ ఉల్లంఘన మీద 14వ సెక్షన్ కింద మళ్లీ కొత్తగా వెళ్లొచ్చు. అప్పటినుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి.

15వ సెక్షన్ కింద పరిహారం అడిగితే ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఊళ్లోని మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అప్పీలు మీ పేరుతో వేసుకోండి, పరిహారం దరఖాస్తు మాత్రం అమ్మ పేరుతో వేయించండి.