రెండు ఐపీ అడ్రస్‌ల మధ్య ఉన్నవన్నీ రాబట్టడం

192.168.1.250 నుంచి 192.168.2.5 దాకా ఉన్న అడ్రస్‌లన్నీ మీ పైథాన్ ప్రోగ్రామ్‌ని అడిగితే లిస్టు ఖాళీగా వస్తోందన్నారు కదండీ. మీ లూప్ అడ్రస్‌లోని చివరి చుక్క తర్వాతి భాగం మీదే తిరుగుతోంది. 250 నుంచి 5కి పైకి లెక్కపెడితే ఏం వస్తుంది చెప్పండి! చుక్కల సంగతి వదిలేయండి, ఐపీవీ4 అడ్రస్ (ఇలా నాలుగు భాగాలుగా రాసేది) అంటే 32 బిట్ల ఒకే సంఖ్య.

పైథాన్ 3లో ఐపీఅడ్రస్ మాడ్యూల్ ఉండనే ఉంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రెండు కొసల్నీ దాని ఐపీవీ4అడ్రస్‌కి ఇచ్చి, ఇంట్‌తో సంఖ్యలుగా మార్చండి. వాటి మధ్య రేంజ్ తిప్పి, వచ్చిన ప్రతి సంఖ్యనూ మళ్లీ ఐపీవీ4అడ్రస్‌కే ఇస్తే చుక్కల రూపం వచ్చేస్తుంది. రేంజ్ చివరి సంఖ్యను వదిలేస్తుంది కాబట్టి దానికి 1 కలపండి, లేకపోతే 192.168.2.5 రాదు. మొత్తం 12 రావాలి.

పింగ్ చేయడానికే (ఆ అడ్రస్‌లో మెషీన్ పలుకుతుందో లేదో చూడటానికే) అయితే, నెట్‌వర్క్ మాస్క్ 255.255.255.0 ఉన్నచోట 192.168.1.255, 192.168.2.0 తీసేయండి, మొదటిది బ్రాడ్‌కాస్ట్ (ఆ నెట్‌వర్క్‌లో అందరికీ పంపే) అడ్రస్, రెండోది నెట్‌వర్క్‌నే సూచించే అడ్రస్.